రోగిని బుట్టలో పెట్టి తీసుకురాగలరు

పశువుల ఆస్పత్రి డాక్టరమ్మగారికి,

పిల్లిగల ముసలిదాని నమస్కారాలు. ఉత్తరం మొదట్లో ‘ఉభయకుశలోపరి’ అని రాయాలని చిన్నప్పుడు నేర్పారు. ఇక్కడ కుశలం ఉన్నట్టు లేదు, అబద్ధం రాయలేను. మీవైపు సగం మీరు వేసుకోండి. ఫోనులో చెబుదామంటే కంగారులో సగం మింగేస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను.

మా పిల్లికి పుచ్చుపన్ను పీకి పంపిస్తూ మీరో బొమ్మల కాగితం ఇచ్చారు కదా. పిల్లి తన నొప్పి నోటితో చెప్పదు, మొహంతో చెబుతుంది, దాన్ని కనిపెట్టే కొత్త పరిశోధనలో మిమ్మల్నీ చేర్చుకున్నాం అన్నారు. చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల వాలు. ఒక్కోదానికీ నొప్పి లేకపోతే సున్నా, ఎక్కువుంటే రెండు. రోజూ చూసి వేస్తున్నాను. రోజూ పదికి పది వస్తున్నాయి. బడికి వెళ్ళిన రోజుల్లో నాకెప్పుడూ ఇన్ని రాలేదు.

అది గోడ దూకి పక్కింటి పాలు తాగి వస్తోంది. అయినా పదే. ఒక చెవి పాత కొట్లాటలో చిరిగి ఎప్పుడూ వాలే ఉంటుంది. దానికి రెండు వేయనా, సున్నా వేయనా? ఈ ఆలోచనతో నాకు నిద్ర లేదు. పిల్లి మాత్రం పడుకుంటోంది.

ఇట్లు,
భయంతో,
పిల్లి ముసలమ్మ

తా.క. కాగితం చేతిలో ఉంది కదా అని మావారి మొహానికి కూడా వేసి చూశాను. ఎనిమిది వచ్చాయి. అది నొప్పా, లేక పెళ్ళైనప్పటి నుంచీ ఉన్నదేనా?

---

పిల్లి ముసలమ్మగారికి నమస్తే.

మీ శ్రద్ధకి సంతోషం. కానీ అమ్మా, గోడ దూకే పిల్లికి పది రావు. మీరు పిల్లిని చూసి కాదు, మీ భయాన్ని చూసి మార్కులు వేస్తున్నారు. ఇకనుంచి ఆ పని మా యంత్రం చేస్తుంది. మీరు వారానికోసారి మొహం ఫొటో తీసి ఫోనులో పంపండి చాలు. ఆ సమయానికి మెలకువగా ఉండాలి, తింటూ ఉండకూడదు, అప్పుడే తిట్లు తిని కూడా ఉండకూడదు.

ఆ ఫొటోలు మేమెవరమూ చూడం. చూస్తే మా అభిప్రాయాలు మార్కులకి అంటుకుంటాయని పరిశోధన అయ్యేదాకా తాళం వేసి ఉంచుతాం. మాకు తెలిసేది అంకె ఒక్కటే. పేర్లు కూడా వాడం, ‘రోగి’ అనే రాస్తాం.

కంగారుపడకండి.

ఇట్లు,
పరిశోధన డాక్టరు

తా.క. మీవారి మొహం మా పరిధిలోకి రాదు.

---

డాక్టరమ్మగారికి,

కంగారుపడకండి అని రాశారు. అంటే కంగారుపడాల్సింది ఏదో ఉందన్నమాట.

ఫోను ఎత్తితే పిల్లి వెనక్కి తిరుగుతోంది. ఎన్ని తీసినా తోకే వచ్చింది. అది అటుంచండి. మావారు రొట్టె అంచులు వదిలేస్తున్నారు. బిస్కెట్టు టీలో మునిగి చచ్చేదాకా ముంచి అప్పుడు మింగుతున్నారు. కుర్చీలో కూర్చుని చెంపకి చెయ్యి ఆనించి గోడ చూస్తున్నారు. “ఏమైందండీ?” అంటే “నాకేం రోగం! చీమ తుమ్మినా నీకు భయమే” అంటారు. ఆయన ఆస్పత్రి గుమ్మం తొక్కే రకం కాదు. కూతురికి చెబితే “అమ్మా, పోయినవారం నాన్నకి గుండెపోటన్నావు, ఆయన తిన్నది అరక్క తేన్చాడు” అంది. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు? రోజూ భయపడేదాని మాట ఎవరు వింటారు?

ఇట్లు,
ఎవరూ వినని
పిల్లి ముసలమ్మ

తా.క. ఫొటో పంపాను. మెలకువగా, తినకుండా, కదలకుండా కూర్చున్న మొహం ఇంట్లో అదొక్కటే దొరికింది. తిట్లంటారా, తిని అప్పటికి గంటైంది.

---

అత్యవసరం

అమ్మా,

మీరు పంపిన ఫొటోకి మా యంత్రం పదికి తొమ్మిది మార్కులు వేసింది. ఇప్పటిదాకా మా పరిశోధనలో ఎవరికీ ఇన్ని రాలేదు. దవడలో చీము పట్టి ఉండొచ్చు. రోగి ఒకవైపే నములుతున్నారా? మూలన కూర్చుంటున్నారా? ముట్టుకుంటే బుస్సుమంటున్నారా? అయితే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

రోగిని గట్టి బుట్టలో పెట్టి, మూత బిగించి తీసుకురాగలరు. లోపల మీ పాత శాలువా ఒకటి పరిస్తే ఆ వాసనకి గోల చేయకుండా ఉంటారు.

రోగి మగ అని మా దగ్గర రాసి ఉంది. రాత్రిళ్ళు వీధులు తిరగడం, పక్కింటివాళ్ళతో తగాదాలు ఉంటే, అదే మత్తులో చిన్న ఆపరేషన్ కూడా చేసి పంపిస్తాం. ఆ తర్వాత ఎంతటి మొండిఘటమైనా మెత్తబడుతుంది.

ఇట్లు,
పరిశోధన డాక్టరు

తా.క. ఆ ఆపరేషన్ పూర్తిగా ఉచితం.

---

డాక్టరమ్మగారికి,

మీ యంత్రానికి వెయ్యి దండాలు. ఒకవైపు నమలడం నిజం, మూల నిజం, బుస్సు మరీ నిజం. ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో ఏమో, నేనూ మీలాగే ‘రోగి’ అనే రాస్తాను.

మా ఇంట్లో పెద్ద బుట్ట మాసిన బట్టలది. కొలిచి చూశాను. రోగి నడుము దాకా పడతారు, మూత పడదు. శాలువా పరిచాను. రోగి దాన్ని కప్పుకుని నిద్రపోయారు, బుట్టలోకి మాత్రం దిగలేదు.

చిన్న ఆపరేషన్ అంటే ఏమిటని మందుల షాపతన్ని అడిగాను. గొంతు తగ్గించి చెప్పాడు. డాక్టరమ్మా, ఆ తిరుగుళ్ళు ఎప్పుడో ఆగిపోయాయి. ఇప్పుడు రాత్రి లేచేది బాత్రూముకే. దానికి కత్తి ఎందుకు?

దాచకుండా ఉత్తరమంతా రోగికి చదివి వినిపించాను. ఉచితం అన్నచోట పెద్ద కేక పెట్టి, బాత్రూములో దూరి లోపల గడియ వేసుకున్నారు. పన్ను సంగతి చూడకపోతే నాకీ ఇంట్లో ఎవరు దిక్కు? ఏదో ఒకటి చెయ్యండి.

ఇట్లు,
బాత్రూము తలుపు దగ్గర నుంచి,
పిల్లి ముసలమ్మ

తా.క. లోపల నుంచి పాట వినిపిస్తోంది. అది మంచి లక్షణమా, చెడ్డ లక్షణమా?

---

అమ్మా,

పిల్లి గురించి మీరూ మాలాగే ఇంత మర్యాదగా రాయడం చూసి మా ఆఫీసంతా ముచ్చటపడింది. నడుము దాకా మాత్రమే పడుతోందంటే మీరు తిండి కొంచెం తగ్గించాలి. తలుపు గడియ వేసుకోవడం మేం ఎక్కడా చదవలేదు. వీలైతే దాన్నీ ఫొటో తీయండి.

మీరిక శ్రమపడొద్దు. రేపు ఉదయం ఇద్దరు మనుషుల్ని తోలు తొడుగులతో, వలతో పంపిస్తున్నాం.

ఇట్లు,
పరిశోధన డాక్టరు

తా.క. పాట మంచి లక్షణం కాదు.

---

డాక్టరమ్మగారికి,

మీవాళ్ళు వచ్చారు. మోచేతుల దాకా తొడుగులు, భుజాన వల.

“రోగి ఎక్కడమ్మా?” అన్నాడు లావుపాటి అతను.

“అదుగో, పేపరు చదువుతున్నారు.”

“పేపరు చదివేది మీ ఆయనమ్మా.”

“మరి ఆయనే కదా నాయనా!”

అతను జేబులోంచి చీటీ తీసి చూసుకున్నాడు. “మగ. ముసలి. మొండి. కరవొచ్చు. అన్నీ కుదిరాయిరా. వల కురచైంది” అన్నాడు రెండోవాడితో.

మావారు పేపరు దించారు. వల చూశారు. నన్ను చూశారు. “ఏమే, ఆ ఉచితం వాళ్ళు వీళ్ళేనా?” అన్నారు. అంతే. ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి ఆయన చెప్పు వేసుకుని వీధిన పడ్డారు. ఇరవై ఏళ్ళుగా మెట్లెక్కితే ఆయాసమనే మనిషి వీధి చివర పళ్ళ డాక్టరు దగ్గరికి ఒకే పరుగున వెళ్ళి, కుర్చీ ఎక్కి నోరు తెరిచారట. “పీకితే పన్నే పీకండి! ఇంకేం పీకొద్దు!” అన్నారట.

నేను వెనకాలే చేరేసరికి పన్ను పీకేసి, దాని కింద చీము దవడ ఎముక దాకా దిగిందన్నాడు పళ్ళ డాక్టరు. ఇంకొన్నాళ్ళు ఆగితే ప్రాణం మీదికి వచ్చేదట. ఇంటికొచ్చాక ఆయన దూది కరుచుకునే “నీకెలా తెలిసిందే?” అన్నారు. “నాకేం తెలుసు, యంత్రం చెప్పింది” అన్నాను.

ఇట్లు,
మీకు రుణపడ్డ
పిల్లి ముసలమ్మ

తా.క. ఇంతా అయ్యాక లావుపాటి అతన్ని కరిచింది పిల్లే.

---

అమ్మా,

మీ ఉత్తరం చదివి, నియమం పక్కన పెట్టి, తాళం తీసి మీ ఫొటో చూశాం. అందులో పిల్లి లేదు. మీవారున్నారు. కానీ చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకోవడంతో యంత్రానికి ఆయన మొహం అందలేదు. ఆయన వెనక బీరువా అద్దంలో ఫోను పట్టుకుని మీరున్నారు. ఆ తొమ్మిదీ మీ మొహానికి వేసినవి.

మీవారి పంటి సంగతి మా యంత్రానికి ఇప్పటికీ తెలియదు. ఆయన్ని చూసి ఎనిమిది వేసింది మీరే, మొదటి ఉత్తరంలోనే. పరిధిలోకి రాదని తోసేసింది నేను. మన్నించండి.

ఇట్లు,
పరిశోధన డాక్టరు

తా.క. మీసాలకి కూడా యంత్రం మీకు రెండు వేసింది. అది మాత్రం ఖచ్చితంగా దాని పొరపాటే.

---

డాక్టరమ్మగారికి,

ఉభయకుశలోపరి. ఈసారి రెండు సగాలూ నేనే వేశాను.

మీ ఉత్తరం మావారికి వినిపించాను, మీసాల ముక్క తప్ప. పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత “పన్ను నాది, నొప్పి నీదా?” అన్నారు. రొట్టె అంచులు కూడా తిన్నారు. కాగితం తీసి ఆయనకి మార్కులు వేశాను. సున్నా వచ్చింది. పదికి సున్నా అంటే మరీ తక్కువేమోనని రాత్రంతా నిద్రపట్టలేదు. ఒకసారి చూసి చెప్పండి.

ఇట్లు,
పిల్లి ముసలమ్మ

తా.క. మీవాళ్ళు ఆ హడావిడిలో వల మా ఇంట్లో మరిచిపోయారు. పిల్లి తనంతట తనే అందులోకి వెళ్ళి పడుకుంది. లేపినా లేవడం లేదు, ఏమైందో ఏమో. ఫొటో పంపుతున్నాను. ఒట్టు, ఈసారి నిజంగా పిల్లే.