హారికకు చిన్నప్పుడు అమ్మవారు పోసిందా

ఉషకు, కృష్ణపట్నం రొయ్యల గుంటల నుంచి. ప్రాణానికి భయం లేదు, ఒళ్లంతా దురదే.

నాకు అమ్మవారు పోసింది. మూడుసార్లు ఫోన్ చేస్తే "చాల్లేవయ్యా నీ వేషాలు" అని పెట్టేశావు. అందుకే మేత వ్యాను రమణయ్యతో ఈ కార్డు పంపుతున్నాను.

ఆదివారం ఇంటికొచ్చి, వెనక నుంచి మన హారిక కళ్లు మూసి భయపెట్టాను కదా. రెండో రోజుకే పొక్కులు లేచాయి. అవి లేవకముందే అంటుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. ఏడో నెల కడుపుతో ఉన్న పిల్ల! "ఆమెకు చిన్నప్పుడు పోసిందా?" అని అడిగితే తెల్లమొహం వేశాను. ఒకసారి పోసి ఉంటే ఒంట్లోని కాపలా ఆ క్రిమిని గుర్తుపట్టి గుమ్మంలోనే తంతుందట. రొయ్యకు ఆ జ్ఞాపకం లేకే కదా, తెగులు మోసుకొచ్చే పీతలు దూరకుండా నేను గుంట చుట్టూ వలలు కట్టి చచ్చేది.

పిల్ల పెరిగింది మీ అమ్మ దగ్గర, ఆమెనే అడుగు. పోయలేదన్నా, గుర్తులేదన్నా ఈరోజే ఆస్పత్రికి తీసుకెళ్లు. రక్తం చూసి, అవసరమైతే సూది వేస్తారు. ఆదివారం నుంచి పది రోజులు దాటితే లాభం లేదట. వేపమండలు పట్టుకుని నన్ను చూడటానికి ఎవరూ రావద్దు, మీ అన్న పటాలంతో సహా.

అత్తమ్మకు నమస్కారాలు, పిల్లకు దూరం నుంచే ఆశీస్సులు. పోసిందని తేలితే తిట్టడానికైనా ఫోన్ చెయ్యి.

పెంచలకృష్ణ