మాట కోసం తెచ్చిన బెల్లం

9-2-1988, మంగళవారం

నా పేరు బిచ్యా. దస్తూరి బాగుండదు. కోడి గెలికినట్టు ఉంటుంది. ఐదో తరగతితో బడి అయిపోయింది కాబట్టి ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. మన్నించాలి. ఎవరు మన్నించాలో తెలియదు. డైరీ ఎవరికీ చూపించేది కాదని పూల్‌సింగ్ చెప్పాడు. వాడు నా కొడుకు కొడుకు. హైదరాబాదులో బ్యాంకు క్లర్కు. బ్యాంకు వాళ్లిచ్చిన డైరీ నా చేతిలో పెట్టి, దాదా, నువ్వెట్లాగు మాట్లాడవు, రాస్కో, అన్నాడు.

పొద్దున కొత్తగూడెంలో బస్సెక్కి సాయంత్రానికి వాడి గదికి చేరాను. ఆదివారం వాడి పెళ్లి మాట. పిల్ల మోతీ, ఆ బ్యాంకులోనే టైపిస్టు. వాళ్లిద్దరూ ముందే ఇష్టపడ్డారు. పిల్ల తండ్రి రూప్లా ఇంజినీరు. మనవాళ్లే, దుమ్ముగూడెం వైపు తండా. కానీ చాలా ఏళ్లుగా సిటీ మనిషి. మాట ఇంట్లో కాదు, పెద్ద హోటల్లో పెట్టాడు.

మా తండాలో మాట చెప్పేది అన్న రామ్‌సింగ్. తండా పెద్ద, నాయక్ ఆయనే. పంచాయతీలో నేను ఆయన వెనక కూర్చునేవాణ్ణి, అంతే. దీపావళి ముందు అన్నకు పక్షవాతం వచ్చింది. నోరు పడిపోయింది. ఈ సంబంధం మాట ఎవరు చెప్పాలని అడిగితే చేత్తో నన్ను చూపించాడు.

బెల్లం గడ్డ ఒకటి గుడ్డలో కట్టి ఇచ్చాడు. కొబ్బరికాయంత ఉంది. రెండు వైపుల పెద్దలూ బెల్లం నోట్లో వేసుకుని, ఒక గుక్క మందు తాగి, మాట అనాలి. అప్పుడే పెళ్లి ఖాయం. బెల్లం లేకపోతే మాట లేదు.

నలుగురిలో నోరు విప్పి నాకు అలవాటు లేదు.

10-2, బుధవారం

ఆదివారం లోపల నాకు హోటళ్లు అలవాటు చేస్తానని పూల్‌సింగ్ పట్టుబట్టాడు. రూప్లా ముంగట నవ్వులపాలు గావద్దు దాదా, గాయన అసలే మనల్ని అడివోళ్లంటడు, అన్నాడు.

మొదటిది చైనా హోటల్. పట్టపగలే లోపల చీకటి చేసి టేబుల్ మీద కొవ్వొత్తి పెట్టారు. కరెంటు పోయిందా అని అడిగాను. పోలేదట. మెనూ అని పుస్తకం ఇచ్చారు. ముందు సూపు వచ్చింది. గంజి. దేని గంజో తాగినా తెలియలేదు. తర్వాత నూడిల్స్. సేమ్యాయే, కానీ తెగదు. ఫోర్కుకు చుట్టాలట. చుట్టాను. చొక్కా మీద పడ్డది ఎక్కువ, నోట్లో పడ్డది తక్కువ. పక్క టేబుల్ వాళ్లు చూస్తుంటే సిగ్గేసి చాలన్నాను.

చివర బిల్లుతో పాటు సోంపు తెచ్చారు. సోంపు బాగుంది. గుప్పెడు తీసుకున్నాను.

నా అభిప్రాయం: కూర్చోవడానికి మంచి చోటు. తినడానికి కాదు.

గదికొచ్చాక ఆకలి. మూట విప్పి బొటనవేలంత బెల్లం విరిచాను. గడ్డ పెద్దది. ఏమీ తెలియదు.

11-2, గురువారం

ఇవాళ తోటలో హోటల్. చెట్లకు రంగు దీపాలు కట్టారు. తందూరీ చికెన్. ఎర్ర రంగు పూస్తారు, అది అక్కర్లేదు. బొగ్గు వాసన మాత్రం బాగా పట్టింది. ఉల్లిపాయ, నిమ్మకాయ అడగకుండానే ఇచ్చారు. చేత్తో తినొచ్చన్నారు. అప్పుడు బతికాను. కానీ సగం కోడే తెచ్చారు. మిగతా సగం ఎవరికి పెట్టారని వడ్డించే అతన్ని అడిగితే పూల్‌సింగ్ టేబుల్ కింద నా కాలు తొక్కాడు.

నాన్ అనే రొట్టె వేడి మీద రొట్టె. చల్లారితే చెప్పు తోలు.

బీరు చేదు. నురగ ఎక్కువ. ఎండలో దున్ని వచ్చినవాడికి బాగుంటుందేమో. పెళ్లి మాటకు పనికిరాదు.

గదిలో అద్దం ముందు నిలబడి మాట అని చూశాను. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. పూల్‌సింగ్ చూసి చూడనట్టు అటు తిరిగాడు. ఆదివారం గిట్లనే అయితే ఏంది గతి దాదా అని అడగాలని వాడికి ఉంది. అడగలేదు. మంచి పిల్లవాడు.

బెల్లం రెండు ముక్కలు. సగం కోడి తిన్నవాడికి తప్పదు.

12-2, శుక్రవారం, సాయంత్రం

ఆదివారం నాటి హోటల్నే ముందుగా చూసొచ్చాం. తలుపు తీయడానికే ఒక మనిషి ఉన్నాడు. పెద్ద మీసాలు, జరీ తలపాగా. ఎవరో పెద్ద నాయక్ అనుకుని దండం పెట్టాను. ఆయన సెల్యూట్ కొట్టాడు. నేను మళ్లీ దండం పెట్టాను. ఆయన మళ్లీ కొట్టాడు. పూల్‌సింగ్ చెయ్యి పట్టి లోపలికి లాగాడు.

కాక్‌టెయిల్ తెచ్చారు. అడుగున ఎరుపు, పైన పసుపు, అంచున నారింజ చెక్క, మధ్యలో కాగితం గొడుగు. ఇంట్లో వాన పడదు కదా అన్నాను. తాగాను. షర్బత్. అందులో మందు ఉందని మెనూలో రాశారట. అడుగు దాకా వెతికాను, దొరకలేదు. మా ఇప్పసారా గొంతు దిగేటప్పుడు తన పేరు చెప్పి దిగుతుంది. ఇది ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. గొడుగు మాత్రం ముద్దుగా ఉందని జేబులో వేసుకున్నాను.

ఇంకోటి తెల్లగా ఉంది. గ్లాసు అంచుకు ఉప్పు రాశారు. ఉప్పు నచ్చింది. పక్కన మామిడికాయ ముక్క ఉంటే సరిపోయేది.

వడ్డించే దస్తగిరి నేలకొండపల్లి మనిషి. నా యాస విని ఆగిపోయాడు. ఏ ఊరు పెద్దాయనా అన్నాడు. ములకలపల్లి పక్క తండా అన్నాను. అరె, మనోళ్లే! గీ గొడుగు నీళ్లు మీకెందుకు, ఆగుండ్రి, అని చిన్న గ్లాసులో నల్లటి మందు తెచ్చాడు. దాన్ని రమ్ అంటారట. ఐస్ వద్దన్నాను. ముక్కు దగ్గర పెట్టుకోగానే నేలకొండపల్లి దారిలో బెల్లం వండే రోజుల వాసన వచ్చింది. దస్తగిరికి చెబితే నవ్వాడు. నేను ముట్ట, గని మీ ముక్కు మంచిది, అన్నాడు.

నా అభిప్రాయం: ఈ సిటీలో ఇదొక్కటే మందు.

పడుకోబోతూ మూట చూశాను. గడ్డ నిమ్మకాయంత అయింది. చీమలు కూడా తిన్నాయి. ఎక్కువగా చీమలే.

13-2, శనివారం

ఇవాళ బెల్లం ముట్టుకోను.

అదే రోజు సాయంత్రం

ముట్టుకున్నాను. మధ్యాహ్నం వాడు రొట్టె ముక్కల మధ్య దోసకాయ పెట్టి ఇచ్చే చోటికి తీసుకెళ్లాడు. దాని గురించి రాయడానికి ఏమీ లేదు.

పొద్దున్నే కొట్లో బెల్లం కొంటాను. వాడికి చెప్పలేదు.

14-2, ఆదివారం

వరుసగా రాస్తాను.

పొద్దున సందు చివర కిరాణా కొట్టు మూసి ఉంది. ఆదివారమని మరిచాను. ఇంకో వీధికి పోదామంటే పూల్‌సింగ్ ఆటో తెచ్చేశాడు. జల్దీ దాదా, జల్దీ. ఇంత పెద్ద హోటల్లో బెల్లం ఉండదా అనుకుని ఎక్కాను. గుడ్డలో చింతగింజంత ముక్క ఉంది.

రూప్లా, ఆయన భార్య, మోతీ ముందే వచ్చి కూర్చున్నారు. రూప్లా తల్లి చాంది కూడా ఉంది. చేతుల నిండా గాజులు, అద్దాల రవిక. హోటలంతా ఆమెనే చూస్తోంది. ఆమె ఎవర్నీ చూడటం లేదు. రూప్లా అందరికీ గొడుగు గ్లాసులు తెప్పించాడు. సూపు వచ్చింది. మళ్లీ గంజి.

రూప్లా మర్యాదగానే మాట్లాడాడు. పిల్లలు ఇష్టపడ్డారు, రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు చేస్తే సరి, ఈ పాత పద్ధతులు మనకెందుకు అన్నాడు. చాంది గ్లాసు పక్కకు నెట్టింది. నీకెందుకో నాకు తెల్వదు, బెల్లం నోట్ల పడంది నా మనుమరాలిని ఇయ్య, అంది. ఇంజినీరు తల వంచి సూపు కలుపుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరి మాట నడుస్తుందో తెలిసిపోయింది.

ఆమె నా వైపు తిరిగింది. పిలగాని పెద్దవు నువ్వే గద. బెల్లం ఏది?

గుడ్డ విప్పాను. చింతగింజ. దాని మీద ఒక చీమ.

గిదేంది, అంది చాంది.

పూల్‌సింగ్ ముఖం పాలిపోయింది. మోతీ తల దించుకుంది. నేను దస్తగిరిని పిలిచి బెల్లం అడిగాను. కిచెన్‌లోకి ఉరికి గిన్నెతో వచ్చాడు. బెల్లం లేదంట పెద్దాయనా, చక్కెరే ఉంది, అన్నాడు. చాంది దాని వైపు చూడను కూడా చూడలేదు. చక్కెర మీద మాటిస్తే చక్కెర లెక్కనే కరిగిపోతది, లే బిడ్డా పోదాం, అని మోతీ చెయ్యి పట్టుకుంది. మోతీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా లేచింది.

నేనూ లేచాను. ఎట్లా లేచానో తెలియదు. తిన్నాను, అన్నాను. మా అన్న కొబ్బరికాయంత బెల్లం ఇచ్చాడు, నేనే తిన్నాను. ఈ పిల్లవాడికి తెలియదు. వీడి పరువు కోసం రోజుకో హోటల్‌కు పోయాను, ఎక్కడా కడుపు నిండలేదు. చీమలు తిన్నది కొంచెమే.

అంత పొడుగు మాట నేను పుట్టాక అనలేదు.

చాంది నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వు మొదలుపెట్టింది. గాజులన్నీ కదిలేలా నవ్వింది. ఓ బిచ్యా భాయీ, మూడు నెల్ల సంది నా కొడుకు నన్ను గిసుంటి హోటళ్లకే తిప్పుతుండు, ఇంటికి పోయి చాటుగ జొన్నరొట్టె తింటున్న, గని చెప్పనీకి నాకు ధైర్నం లేకపాయె, అంది. రూప్లా బిత్తరపోయి, నిజమా అమ్మా, అన్నాడు. మరి, ఉత్తదా, అంది. తర్వాత కళ్లు తుడుచుకుంది. నవ్వు నవ్వే, బెల్లం బెల్లమే, ఇప్పుడేం జేస్తవ్ చెప్పు, అని కూర్చుంది.

అప్పుడు నా ముక్కుకు గుర్తొచ్చింది. దస్తగిరీ, మొన్నటి నల్లది తే. ఐస్ వద్దు.

తెచ్చాడు. అది ఎట్లా పుట్టిందో ఈమెకు చెప్పు అన్నాను. చెరుకు రసం వండంగ మిగిలిన బెల్లపు మడ్డిని పులియబెట్టి దించుతరమ్మా, మా ఊరి బెల్లం బట్టీల కాడ గిదే వాసన, నేనైతే తాగలే, ఒట్టు, అన్నాడు.

బెల్లం వేరే, మందు వేరే తేవాలి, ఇందులో రెండూ కలిసే వచ్చాయి అన్నాను. చింతగింజంత ముక్క కూడా అందులో వేశాను, చీమను తీసేసి. రూప్లా గ్లాసులోంచి గొడుగు తీసి దీంట్లో పెట్టాను. పెళ్లి మాట కదా, కొంత అందం ఉండాలి.

చాంది వాసన చూసింది. కళ్లు మూసుకుని ఒక గుక్క తాగింది. పక్క టేబుల్ దగ్గర ఒకామె స్పూను గాల్లోనే ఆగిపోయింది.

బెల్లమే, అంది చాంది. నా మనుమరాలిని ఇచ్చిన.

నేనూ ఒక గుక్క తాగాను. పేరు చెప్పి దిగింది. పిల్ల మా ఇంటిది, ఈ మాట నేను పోయినా ఉంటుంది, అన్నాను. గొంతు వచ్చింది. తలుపు దగ్గరి మీసాల మనిషి లోపలికి తొంగి చూశాడు. నేను దండం పెట్టలేదు. ఆయనే సెల్యూట్ కొట్టాడు.

మోతీ వచ్చి కాళ్లకు మొక్కింది. ఆకలిగా ఉందా అని అడిగాను. అవ్ దాదా, అంది. రెండు కోళ్లు తెమ్మన్నాను, నిండు కోళ్లు. అందరం చేత్తో తిన్నాం. రూప్లా టై తీసి జేబులో పెట్టుకుని తిన్నాడు.

నా అభిప్రాయం: నేను కలిపిందే మంచి కాక్‌టెయిల్.

16-2, తండా

అన్నకు అంతా చెప్పాను. బెల్లం గురించి కూడా. వంకర నోటితోనే నవ్వాడు. నోరు పడిపోయాక ఆయన నవ్వడం ఇదే. జేబులోని కాగితం గొడుగు ఆయన తలపాగాలో గుచ్చాను. తీయనివ్వడం లేదు.

ఇవాళ పంచాయతీలో ఆయన పక్కన కూర్చున్నాను.

2-5, సోమవారం

రేపు పెళ్లి. నా భార్య మంగ్లి రెండు బెల్లం గడ్డలు తెప్పించి నాకు కనపడకుండా దాచింది. అడిగితే చెప్పదు. వంట ఇంకా కాలేదు. ఈ డైరీ ఎవరు చదివినా సరే, ఆ గడ్డలు ఎక్కడున్నాయో తెలిస్తే జల్దీ జవాబు రాయండి.