ఊటీ క్యాబేజీల కూర

విజయనగరం, 1968 జనవరి, బుధవారం

కొత్త కోడలు ఏం వండినా తింటానని అన్నయ్య సన్యాసినాయుడు నా పెళ్లిలో అందరి ముందూ మాటిచ్చాడు. మా ఆవిడ మొదటిసారి క్యాబేజీ వండిన రోజే విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. పెద్దవాడు లేస్తే పంక్తి అంతా లేవాలి. ఆమె బతికినన్నాళ్లూ మళ్లీ కొత్త కూర వండలేదు.

ఈరోజు నా కోడలు, వాళ్ల నాన్న ఊటీ నుంచి తెచ్చిన నిమ్మకాయంత క్యాబేజీలకు ఆవ పెట్టింది. మావాడు ముఖం చిట్లించి లేవబోయాడు.

"కూకోరా! నేనింకా తింతన్నాను," అన్నాను.

కూర చేదుగానే ఉంది. కోడలు గరిటె పట్టుకుని నా విస్తరి వైపే చూస్తోంది. అంతలో పంక్తి చివర కూర్చున్న మా అక్క, "ఏటే సూస్తన్నావు? ఇంకొంచెం ఎయ్యి!" అంది. కోడలు నవ్వింది. నా మనసు కుదుటపడింది.

ఆనాడు ఇన్ని పుస్తకాలు చదివిన నేనూ అన్నయ్య వెనకే లేచాను. తప్పు మాత్రం ఇవాళ్టికీ సన్యాసినాయుడిదే.