కొట్టం గోడ మీద పేరు

1944 జూలై 3, సోమవారం

ఆఫీసులో ఒళ్లు హూనం. ఇంటికొస్తే రమాబాయి దగ్గు. డాక్టర్ మందు మార్చాడు. అదే టీబీ, అదే మాట: రెస్ట్.

మనసు మళ్లుతుందేమోనని పోస్టర్ల ట్రంకు తెరిచాను. పాట కచేరీలవి, గ్రామఫోను కంపెనీలవి. ఏళ్ల తరబడి మాదన్నపేట నుంచి ఉప్పుగూడ స్టేషన్ దాకా గోడల మీంచి తడిపి ఒలుచుకొచ్చినవి. మంచం మీంచి చూస్తూ, మీ పెట్టెల లోకమంత ఉన్నది, నేనే లేను అంది నా భార్య. కోపంగా కూడా అనలేదు. అదే గుచ్చుకుంది.

జూలై 4

నిజమే. గౌలిపురలో ఆడపిల్లల బడి కోసం చందా కచేరీ పెట్టి ఏడేళ్లవుతోంది. రమ పాడింది. జన్మలో ఆ ఒక్కసారే. అప్పుడు నేను ఔరంగాబాదులో డ్యూటీ మీద ఉన్నాను. పాటా వినలేదు, పోస్టరూ చూడలేదు. గోడ మీద తన పేరు వేశారని అప్పటి నుంచీ చెబుతూనే ఉంది. పోస్టర్ ఉర్దూలో. ఆమెకు ఉర్దూ రాదు. ఎవరో చెబితే నమ్మింది.

ఇప్పుడు ఆ పేరు ఒక్కసారి చూడాలట. ఇంకేమీ అడగలేదు.

జూలై 7, శుక్రవారం, పొద్దున

మా ఆఫీసుకు వారం సెలవు శుక్రవారమే. పోస్టర్లు అంటించే బాలనర్సింహను పట్టుకున్నాను. ఆ కచేరీది లక్ష్మయ్య బర్రెల కొట్టం గోడకే కొట్టిన, దాని మీద మస్తు పడ్డయ్, అడుగున ఉంటె ఉండొచ్చు అన్నాడు. వీళ్లు పాతది పీకరు. దాని మీదే కొత్తది.

అదే రోజు, సాయంత్రం

కొట్టం దగ్గరికి వెళ్లాను. లక్ష్మయ్య బర్రెలు ఆ గోడనే నాకుతున్నాయి. పోస్టర్లకు పూసిన మైదా లై రుచి మరిగి కాగితాలతో సహా తింటున్నాయి. అదిలించమంటే, గడ్డి పిరమైంది పంతులూ, తిననియ్యుండ్రి అన్నాడు లక్ష్మయ్య. ఇంట్లో చెప్పలేదు.

జూలై 9

జ్వరం ఎక్కువైంది. దొరికిందా అని అడిగింది. చూస్తున్నానన్నాను.

జూలై 12

బాలనర్సింహ ఆఫీసు గేటు దగ్గరికే వచ్చాడు. ఒక సంగతి యాదికొచ్చిందట. అప్పట్లో పురుగు పట్టకుండా లైలో మైలుతుత్తం, ఆ నీలం విషం, కలిపేవాడు. సరిగ్గా రమ కచేరీ పోస్టరే నాకి లక్ష్మయ్య బర్రె పడిపోయింది. పెద్ద లొల్లి అయింది. ఆనాటి నుంచి ఆ గోడకు ఉత్త మైదా లైయే. బర్రెలు పైవన్ని తింటయ్ గని దాన్ని ముట్టవు సార్, శేదుంటది, జల్ది పోయి చూడుండ్రి అన్నాడు.

లీవ్ అడిగాను. హెడ్ క్లర్క్ ఇవ్వలేదు. యుద్ధమట.

జూలై 14, శుక్రవారం

ముట్టలేదు. పైవన్నీ పోయి, అదొక్కటే నీలం మరకలతో గోడను పట్టుకుని ఉంది. గోనెపట్టా తడిపి కప్పాను. బాగా నానాక ఒలిచాను. చిరగలేదు. ఒక బర్రె నన్నే చూస్తూ నిలబడింది. దానికి దండం పెట్టాలనిపించింది.

అక్కడే నిలబడి చదివాను. గానం: మిసెస్ వామన్‌రావు.

అంతే. నా పేరే. ఇంటి ఆడవాళ్ల పేర్లు గోడకెక్కించడం మర్యాద కాదని అలా వేశారు. నా పేరు చూసుకుని అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

మధ్యాహ్నం

దిండుకు ఆనించి కూర్చోబెట్టాను. పోస్టర్ ఒళ్లో పెట్టుకుని ఎడమ నుంచి కుడికి వేలు పోనిచ్చింది. ఉర్దూ అటు కాదని చెప్పాను. నా పేరు ఏడున్నదో చూపియ్యుండ్రి అంది. ఆమె వేలు పట్టుకుని నా పేరు మీద పెట్టాను. రమాబాయి, అని చదివాను.

ఇంత పొడుగున్నదా నా పేరు అంది. ఉర్దూలో అంతే అన్నాను.

జూలై 15

ట్రంకులో పెట్టనివ్వలేదు. దిండు కింద పెట్టుకుంది.

ఆగస్టు 2

రోజూ ఆ చోటే తడుముతోంది. జ్వరం చెమటకు అక్కడ సిరా లేచిపోతోంది. మిసెస్ ఇంకా కనబడుతోంది. వామన్‌రావు చెరిగిపోతున్నాడు.

చెరగనీ.