గార్డు కొంగయ్య కాళ్ళు

పద్మారావు నగర్, సికింద్రాబాద్
4 జూన్ 2006

ప్రియమైన దేవికకు,

కొరియర్‌లో నీ బొమ్మ అందింది. రైల్వే గార్డు టోపీ పెట్టుకున్న కొంగ! ఎవరిదీ చూసి గీయలేదని తెలుస్తూనే ఉంది. ఇంత పొగరున్న కొంగ ఇంకెక్కడా ఉండదు. మీ తాతగారు లాలాగూడ వర్క్‌షాపు నుంచి ఆలస్యంగా వచ్చి, ఆ ఆలస్యం నాదే అన్నట్టు చూసేవారు. అదే చూపు.

ఇక తప్పులు. బళ్ళో డ్రాయింగు చెప్పినదాన్ని, మనవరాలివని మార్కులు కలపను. కాళ్ళు రెండూ లోపలికి వంగిపోయాయి. జెండా కర్ర నడుమ నొక్కుకుపోయింది. గార్డే ఇలా నిలబడితే రైలు సంగతేమిటి?

ఇంటికి కొత్త కిటికీ పెట్టించాను. దాని ఊచలూ వంకరే. వెల్డింగ్ రాజుని నిలదీస్తే, "ఏందమ్మా గిట్లంటవ్? జెర మంచిగ సూడు, సీదానే ఉన్నయ్" అని నాకే పాఠం చెప్పాడు. ఈ ఊళ్ళో తిన్నటి గీతకి కరువొచ్చింది.

ఆశీస్సులతో,
అమ్మమ్మ


బెంగళూరు
15 జూన్ 2006

ప్రియమైన అమ్మమ్మకి,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత భయపడ్డాను.

మేము ఇక్కడ గీత చేత్తో గీయం. తెర మీద ఒక చుక్క, ఇంకో చుక్క పెడితే మధ్య గీతని కంప్యూటరే లాగుతుంది. చుక్క జరిపితే గీత వంగుతుంది. గోడంత పెద్దది చేసినా అంచు చెదరదు. కొంగయ్య కాలికి పైనొక చుక్క, కిందొక చుక్క, అంతే. వంగడానికి వీల్లేదు.

అయినా నువ్వు వంకరన్నావంటే వంకరే. చిన్నప్పుడు నువ్వు ఊరికే గీసిన గీతల మీద దొంగచాటుగా స్కేలు పెట్టి చూసేదాన్ని. ఒక్కసారీ దొరకలేదు నువ్వు. అందుకని కాళ్ళ మధ్య కొత్త చుక్కలు పెట్టి బయటికి లాగాను. నా తెర మీద ఇప్పుడు దొడ్డికాళ్ళలా ఉన్నాయి. దీంతో పంపుతున్న కొత్త కాగితం మీద ఎలా ఉన్నాయో నువ్వే చెప్పు.

ఆగస్టులో పిల్లల సీరియల్‌కి ఒక బొమ్మని ఎంచుతారు. మా జ్ఞానశేఖర్ సార్‌కి కొంగయ్య నచ్చితే బొమ్మలు సృష్టించే టీములోకి వెళ్తాను. నచ్చకపోతే, కేటలాగుల్లో చీరల ఫొటోలకి అంచులు కత్తిరించే ఈ కాంట్రాక్టు ఉద్యోగం కూడా అప్పటితో సరి.

ప్రేమతో,
దేవిక


పద్మారావు నగర్
28 జూన్ 2006

ప్రియమైన దేవికకు,

ఇప్పుడు నిలబడ్డాడు గార్డు! జెండా కర్ర కుదిరింది. ఎడమ కాలు మాత్రం ఇంకాస్త బయటికి లాగు. చుక్కలు పెట్టినది నువ్వే కదా, యంత్రం నీ మాట వినాలి గానీ నువ్వు దాని మాట వినడమేమిటి?

ఇంకెవరికీ చూపించకుండా పంపెయ్యి. చూసినవాళ్ళు తలో మాటా అంటారు, వాటన్నిటినీ నువ్వు వింటావు.

నిన్న పనికొచ్చిన బాలమ్మ బియ్యం చేట లాక్కుని, "అమ్మా, గిన్ని రాళ్ళు కనబడ్తలేవా?" అంది. కనబడితే ఉంచుతానా? ఏం బియ్యం అమ్ముతున్నారో. దానికి తోడు పక్కింటి మేబెల్, కళ్ళ డాక్టరు దగ్గరికి పదమంటుంది. ఆవిడకి ఆస్పత్రంటే షికారు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ


బెంగళూరు
20 ఆగస్టు 2006

ప్రియమైన అమ్మమ్మకి,

కొంగయ్యని గోడ మీద పెద్దది చేసి అందరి ముందు చూపించారు. "టోపీ బాగుంది, ఆ చూపు ఇంకా బాగుంది. కాళ్ళేంటమ్మా, ఎండకి కరిగిన కొవ్వొత్తుల్లాగ? తిన్నటి గీత కూడా రాదా?" అన్నారు సార్. అందరూ నవ్వారు. మా అమ్మమ్మ సరిచేసిందని చెప్పడానికి నోరు రాలేదు. నేను తేరుకునేసరికే ఎవరిదో కుందేలుని ఎంచేశారు.

కాంట్రాక్టు అయిపోయింది. నీ కన్ను ఎన్నడూ తప్పలేదు. సార్ ఇదే పనిలో పండినవారు. మీ ఇద్దరి మధ్యా ఏది తిన్ననో ఏది వంకరో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే అని తేలిపోయింది. నాకు కన్ను లేదమ్మమ్మా. కొంగయ్యని కంప్యూటర్‌లోంచి చెరిపేశాను. ఇక గీయను. సోమవారం నుంచి కాల్ సెంటర్‌లో ట్రైనింగ్. దసరాకి వస్తాను.

నీ
దేవిక


పద్మారావు నగర్
2 సెప్టెంబరు 2006

ప్రియమైన దేవికా,

స్కేలు అడ్డం పెట్టుకుని రాస్తున్నాను. వరసలు ఒకదాని మీదికొకటి ఎక్కితే సర్దుకుని చదువు. నీ ఉత్తరం మేబెల్ చదివింది, అచ్చం బైబిలు చదివినట్టు. "ఇక గీయను" దగ్గర ఆమెన్ అంటుందేమోనని భయపడ్డాను. మర్నాడు నేనే ఆవిణ్ణి కళ్ళ డాక్టరు దగ్గరికి పదమన్నాను.

ఆయన ఒక గళ్ళ కాగితం ఇచ్చి ఎలా కనిపిస్తోందన్నాడు. అచ్చు బాగాలేదు, గీతలు వంకర, మధ్యలో సిరా కూడా ఒలికింది అన్నాను. ఆ పైన నాతో మాట్లాడ్డం మానేసి మేబెల్‌తో మాట్లాడాడు. కంటి వెనక పొర నడిమధ్య పాడైందట, రెండిట్లోనూ. ఇంకా ముందొస్తే కొంత ఆపేవాళ్ళట. పోయింది రాదు, మిగిలింది నిలవదు.

నీ గీత తిన్నగానే ఉంది దేవికా. మొదటి రోజు నుంచీ. వంకర నా కంటిది. నువ్వు నీ కన్ను కాదని, కంప్యూటర్‌ని కాదని, దాన్ని నమ్మావు.

నువ్వు చెరిపేసినా కాగితాలు నా దగ్గరున్నాయి కదా, మొదటిది పంపుదామని రెండూ పక్కపక్కన పెట్టాను. ఏది ఏదో నాకు తెలియలేదు. మేబెల్ వేరుచేసి ఇచ్చింది, ఇందులో పెడుతున్నాను. మళ్ళీ గీయమని అడగడానికి కాదు. అడిగే మొహం నాకు లేదు, గీసినా చూసే కళ్ళు లేవు. మీ సార్‌కి ఉత్తరం రాద్దామనుకుని మానేశాను. జాలిపడతాడు, ఉద్యోగం ఇవ్వడు.

దసరాకి వస్తానన్నావు, రా. ముందే ఒక మాట చెబుతున్నాను. సూటిగా చూస్తే నీ మొహం ఉండవలసిన చోట మసి ఉంటుంది. పక్కకి చూస్తే నీ చెంపో, చెవో కాస్త అందుతుంది. కనుక నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నేను గోడకేసి చూస్తుంటాను. విసుక్కున్నానని లేచిపోకు. నిన్ను చూస్తున్నానని గుర్తు.

నీ
అమ్మమ్మ