ఒక్కో ముక్కకీ ఒక్క కొరుకు

ప్రియమైన పిచ్చుకా,

ఈ ఉత్తరం రాయడానికి కూర్చునేముందు నాలుగుసార్లు నోరు పుక్కిలించాను. అయినా నాలిక మీద ఆ పాచిపోయిన వెన్న వాసన పోలేదు. ఈ ఏడు నువ్వు రాకపోవడమే మంచిదయింది. పదిహేడేళ్లుగా ఏటా ఒక ఆదివారం నలుగురం కలిసి కడుపునిండా తీపి తిని, సినిమా చూసి వస్తున్నాం కదా, ఇకమీదట ఆ ముచ్చట నాకు వద్దు. దర్జీ మొహం, పంతులమ్మ మొహం మళ్లీ చూడను. నువ్వు ఎవరి వైపో తేల్చుకో.

ముందు హోటల్ సంగతి. ఆహార తనిఖీ ఉద్యోగం చేసేదాన్ని తీపి బఫేకి తీసుకెళ్లకూడదని నాకూ తెలుసు. ముప్పై ఒక్క రకాలు పరిచారు. నిమ్మ టార్టు మీద క్రీము నిన్నటిది, అంచుల్లో పచ్చగా పెచ్చు కట్టింది. చాక్లెట్ ఫౌంటెన్‌లో ఎవరి పిల్లాడో మోచేతిదాకా ముంచి, నాకి, మళ్లీ ముంచాడు. వాళ్లమ్మ మురిసిపోతూ ఫోటో తీసుకుంటోంది. కస్టర్డ్ గిన్నెలో గరిటె పూర్తిగా మునిగిపోతే ఒక పెద్దమనిషి వేళ్లు పెట్టి పైకి లాగి, ఆ వేళ్లు చప్పరించుకుంటూ వెళ్లాడు. పుడ్డింగ్ అడుగంటింది. ఆ మాడు వాసన తెలియకుండా పైన దాల్చినచెక్క పొడి దట్టించారు.

సరే, అది పరాయివాళ్ల రోత. మనవాళ్లది విను. ఏటా కాఫీ కప్పుతో సరిపెట్టుకునే దర్జీ ఈసారి ముప్పై ఒక్క రకాలూ ఎత్తుకొచ్చింది. ఒక్కోదాన్ని ఒక్క కొరుకు కొరకడం, కళ్లు మూసుకుని నోట్లో అటూ ఇటూ దొర్లించడం, మిగతాది పంతులమ్మ పళ్లెంలో పడేయడం. ఆవిడగారు ఆ ఎంగిలి ముక్కనే కొరికి ఒక చిన్న నోటుపుస్తకంలో ఏదో గీకడం. మధ్యలో ఇద్దరూ గుసగుసలు. "ఏంటే ఆ రాతలు?" అంటే, "ఏం లేదులే, నువ్వు తిను" అన్నారు. పక్క బల్లలవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. వాంతి కావడం ఒక్కటే తక్కువ.

సినిమాహాల్లో ఇంకా ఘోరం. అడుగేస్తే చెప్పు నేలకి అంటుకుపోతోంది. కుర్చీ చేతి కింద ఎవరో నమిలి అంటించిన గమ్ నా వేళ్లకి తగిలింది. అదంతా పళ్ల బిగువున భరించాను. ఇంతలో పంతులమ్మ ఫోన్ లైటు వేసుకుని మళ్లీ రాత మొదలెట్టింది. వెనకాయన "అమ్మా, ఇది పరీక్ష హాలు కాదు" అన్నాడు. ఇంటర్వెల్లో ఆ పుస్తకం లాక్కున్నాను. నిండా క్రీము మరకలు, జిడ్డు వేలిముద్రలు. చదవబుద్ధి కూడా కాలేదు. తీసుకెళ్లి ఐస్‌క్రీమ్ కప్పులున్న చెత్తబుట్టలో పడేశాను. "తిండి మొహం ఎరగనిదానిలా ఎగబడ్డావు, నీతో బయటికి రావాలంటే సిగ్గేస్తోంది" అని దర్జీని అందరి ముందూ అన్నాను. అది ఏడ్చింది. అబద్ధమెందుకు, నాకు జాలి కూడా వేయలేదు.

రెండు నెలలుగా నువ్వు ఫోనెత్తవు. ఉత్తరం రాస్తే ఒకసారి ఆఫీసు శిక్షణంటావు, ఒకసారి వదిన ఇంట్లో ఉన్నానంటావు. దీనికైనా జవాబివ్వు.

ఐదోసారి నోరు కడుక్కోబోతూ,
నీ తనిఖీ

*

ప్రియమైన తనిఖీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పోట్లాట తర్వాత పెట్టుకుందాంగానీ ముందు ఇది చెప్పు. ఆ నిమ్మ టార్టు పులుపు పళ్లు జివ్వుమనేంత ఉందా, ఊరికే నాలికకి తగిలి పోయిందా? అడుగంటిన పుడ్డింగ్ ఎంత చేదు? సినిమా ఎలా ముగిసింది?

దర్జీకి రెండు ముక్కలు రాయి. అది నువ్వనుకున్నట్టు చేయలేదు.

ఆత్రంగా,
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

నీకూ బుద్ధి గడ్డి తిందా? స్నేహం తెగిపోయిందని నేను మొత్తుకుంటుంటే పులుపెంత అని అడుగుతావా? అడిగావు గనక చెప్తున్నా. ముందు పులుపు దవడల మూలల్లో పట్టి లాగింది. ఆ వెంటనే పాత వెన్న జిడ్డు అంగిలికి మైనంలా పేరుకుంది, ఎంత గీరినా రాలేదు. పుడ్డింగ్ చేదు మాడిన పాలగిన్నె గోకి తిన్నట్టే. సినిమా ముగింపు నాకు తెలీదు, సగంలో వచ్చేశాను.

దర్జీకి నేనెందుకు రాయాలి? నిన్న దాని కొట్టు ముందునుంచే వెళ్లాను. మిషన్ మీంచి తలెత్తి చూసి, మళ్లీ దించేసుకుంది. బాగుచేయమని నేనెప్పుడో ఇచ్చిన కోటు సాయంత్రం పంతులమ్మ చేత పంపించింది. బొత్తాలు కూడా కొత్తవి కుట్టింది. ఒక్క మాట మాత్రం చెప్పి పంపలేదు.

ఈ వారంలోగా నువ్వు నా వైపని రాయకపోతే నీకూ ఒక దణ్ణం.

తనిఖీ

*

ప్రియమైన నా తనిఖీ,

నేను శిక్షణలో లేను. ఆసుపత్రిలో ఉన్నాను. గొంతులో గడ్డ తీశారు. ముక్కులోంచి ఒక గొట్టం, అందులోంచి బూడిదరంగు జావ నేరుగా కడుపులోకి పోతుంది. మాట రాదు, అందుకే ఫోనెత్తలేదు. పది వారాలుగా నా నాలికకి మందుల కంపు తప్ప ఏదీ తెలియదు.

"ఈ ఏడు నా వంతు మీరు తినండి. ఒక్కో ముక్కకీ ఒక్క కొరుకు, రుచి రాసి పంపండి, సినిమా కథ కూడా" అని దర్జీని, పంతులమ్మని నేనే బతిమాలాను. ఉద్యోగంలో నువ్వు రోజూ చేసేదీ అదే కదే, ఒక కొరుకు, ఒక గీత. వాళ్లు చేస్తే ఎంగిలయింది. తీపి తింటే దర్జీకి కడుపులో తిప్పుతుంది, అందుకే ఏటా కాఫీతో కూర్చునేది. ఆ రోజు నాకోసం ముప్పై ఒక్కసార్లు మింగింది. ఇంటికెళ్లి తెల్లవార్లూ కక్కుకుందట. నీతో మాటలు పడ్డ తర్వాత కూడా నా గుట్టు బయటపెట్టలేదు.

నీకు చెప్పొద్దన్నదీ నేనే. నీకు జాలి రాదు, వస్తే ఆగదు. ఇక్కడందరూ నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. నన్ను దులిపేసే మనిషి ఒక్కతైనా మిగలాలనుకున్నాను. అది నా స్వార్థం, దాని ఖరీదు దర్జీ చెల్లించింది. నన్ను తిట్టు, పడతాను.

పుస్తకం పోయాక వాళ్లిద్దరూ గుర్తున్నంతవరకు మళ్లీ రాసి పంపారు. ముప్పై ఒక్కదానికీ ఎదురుగా "చాలా బాగుంది" అనే ఉంది. పాపం, వాళ్లకి అంతకంటే రాయడం రాదు. నాకేమీ తెలియలేదు. నీ రెండో ఉత్తరంలో, అంగిలికి పేరుకున్న ఆ పాచి జిడ్డు దగ్గరికొచ్చేసరికి, నా నోట్లో నీళ్లూరాయి. పది వారాల తర్వాత. నర్సు వచ్చి గడ్డం తుడుస్తూ ఎందుకేడుస్తున్నానని అడిగింది.

గొట్టం ఇంకో నెల ఉంటుంది. నాకు రాస్తూ ఉండు. రోతగానే రాయి, జాలి కలిపితే చదవను. కానీ ముందు దర్జీ కొట్టుకెళ్లు. అది తలుపు తీయకపోతే బయటే నిలబడు. అది నిన్ను లోపలికి పిలిచిందని తెలిసేదాకా నీ ఉత్తరం విప్పను.

ఆకలితో,
నీ పిచ్చుక