కమల కోసం కోసిన మొగలిపువ్వు

విజయనగరం
7 ఆగస్టు 1968, బుధవారం

వాన వల్ల బడి మధ్యాహ్నమే వదిలేశారు. గొడుగేసుకుని ఒక్కదాన్నే పార్కుకు వెళ్లాను. మూడేళ్లుగా ఆ పార్కు నాదే అనుకుంటున్నాను. ఈ ఏడాదే మా బడికి నాలాగే టీచరుగా వచ్చిన కమల దాన్ని కూడా పట్టేసింది. బడిలో పిల్లలు కమల చుట్టూనే, హెడ్‌మిస్ట్రెస్ నోట్లో దాని పేరే. ఏం చూసి?

కొలను పక్కనున్న మొగలిపొదలోంచి తోటమాలి అప్పన్న తడిసి ముద్దయి బయటికొచ్చాడు. మోచేతుల దాకా ముళ్లు గీరుకున్నాయి. పాములుంటాయని ఎవరూ దగ్గరికి పోని పొద అది. చేతిలో మొగలిపువ్వు. నాకే అనుకుని, సిగ్గులేకుండా చెయ్యి చాపాను.

"కమలమ్మగారికి ఇచ్చేయండమ్మా. బడిలో మీ పక్కనే కూసుంటారంట గదా!"

"మూడేళ్లుగా వస్తున్నాను. నాకెప్పుడూ ఒక్కటి కోసివ్వలేదేం?" అనేశాను.

అతను తెల్లబోయాడు. "మీరు నాతో ఎప్పుడు మాటాడినారమ్మా? ఆయమ్మ వచ్చినప్పుడల్లా మా గుంటకి జొరం ఎలాగున్నాదని అడుగుతాది."

అతనికి కూతురుందని నాకు ఇవాళే తెలిసింది.

ఇచ్చేస్తానని చెప్పి తీసుకున్నాను. దారిలోనే కమల ఇల్లు. ఆగలేదు. ఇంటికొచ్చి, ఎవరి కంటా పడకుండా చీరల పెట్టె అడుగున పెట్టేశాను. అమ్మ మొగలిరేకులు ఎప్పుడూ అక్కడే పెడుతుంది, నా చెయ్యీ అలవాటుగా అక్కడికే పోయింది. ఇప్పుడు గదంతా ఒకటే ఘుమఘుమ.

నాకున్న చీరలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. రేపు పొద్దున్నే స్టాఫ్‌రూములో కమల పక్కన కూర్చోవాలి.